గార్టర్ పాముపిల్లకు తిండే గండం

గార్టర్ పాము గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఉత్తర అమెరికాలో వేసవి ముదిరాక, జులై ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కో ఈతలో మామూలుగా 10 నుంచి 40 పిల్లలు పుడతాయి. 80 దాటిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడే పుట్టిన పిల్ల పొడవు 13 నుంచి 23 సెంటీమీటర్లు, బరువు రెండు మూడు గ్రాములు. తల్లి దాన్ని సాకదు, వేట నేర్పదు, పక్కన కూడా ఉండదు. పిల్ల పలచని తొలి కుబుసం విడిచేసి తన దారి తాను చూసుకుంటుంది.

అమెరికా, కెనడా, ఐరోపా దేశాల్లో పాములు పెంచే ఇళ్లలో చాలామందికి ‘మొదటి పాము’ ఇదే. ఎదిగినా మీటరు లోపే ఉంటుంది. మనిషి ప్రాణం తీసే విషం లేదు. పగలు తిరుగుతుంది గనుక ఎప్పుడు చూసినా ఏ మూలో నక్కి ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, తిండి దగ్గర మారాం చేయదు. బాల్ పైథాన్ అనే కొండచిలువను తెచ్చుకున్నవాళ్లు అది నెలల తరబడి ముట్టడం లేదని దిగులు పడుతుంటారు. గార్టర్ పిల్లతో ఆ బాధ అరుదు. కానీ దాని ప్రాణం మీదికి వచ్చేది కూడా ఎక్కువగా తిండి వల్లే. దాదాపు ఏది వేసినా తింటుంది కాబట్టి, ఏది వేయకూడదో తెలియాల్సింది పెంచేవాళ్లకే.

గార్టర్ అంటే ఒక్క పాము కాదు. థామ్నోఫిస్ ప్రజాతిలో 30కి పైగా జాతులున్నాయి. కెనడా నుంచి మధ్య అమెరికా వరకూ ఇవి వ్యాపించాయి. వీటిలో అందరికీ తెలిసిన సాధారణ గార్టర్‌కు శాస్త్రనామం పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్, 1758లో. వీపు మీద ఒకటి, పక్కల రెండు, మొత్తం మూడు లేత చారలు తల నుంచి తోక దాకా సాగడం దాని ఆనవాలు. మసాచుసెట్స్ 2007లో దీన్ని తమ రాష్ట్ర సరీసృపంగా ప్రకటించుకుంది. వర్జీనియా 2016లో తూర్పు గార్టర్‌ను రాష్ట్ర పాముగా ఎంచుకుంది. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో తెలుగు కుటుంబాలు పెరట్లో గడ్డి కోయిస్తున్నప్పుడు చారలతో జరజరా పారిపోయే పాము కనబడి ఉలిక్కిపడితే, అది చాలావరకూ ఏదో ఒక గార్టరే అయి ఉంటుంది. మన చెరువుల్లో తిరిగే నీరుకట్టె దీనికి దూరపు చుట్టం. రెండూ నాట్రిసినే ఉపకుటుంబానికి చెందినవే. అయితే చుట్టరికం ఉంది కదా అని నీరుకట్టె పిల్లను పట్టుకొచ్చి తొట్టెలో పెట్టుకోవడం ఇక్కడ కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

ఎక్కడి పిల్లను తేవాలి

అమెరికాలోనూ పెరట్లో దొరికిన పిల్లను ఇంట్లో పెట్టుకోవచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్నిటి విషయంలో మాత్రం చర్చే లేదు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ నీలం కలిసి మెరిసే శాన్ ఫ్రాన్సిస్కో గార్టర్ 1967 నుంచీ అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో ఉంది. కాలిఫోర్నియా మధ్య లోయలోని జెయింట్ గార్టర్‌కు 1993 నుంచి సమాఖ్య ప్రభుత్వ రక్షణ ఉంది. వీటిని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

చట్టం ఒప్పుకున్నా అడవి పిల్ల కంటే పెంపకందారుల దగ్గర పుట్టిన పిల్లే మేలు. బయట కప్పల్నీ చేపల్నీ తిన్న పాము కడుపులో పరాన్నజీవులు ఉండటం మామూలు విషయం. ఆరుబయట ఎర సమృద్ధిగా ఉన్నంతకాలం వాటిని మోస్తూ బతికేస్తుంది. తొట్టెలో పెట్టగానే బెదురుతో నీరసపడుతుంది, ఆ పరాన్నజీవులది పైచేయి అవుతుంది. పైగా పట్టుబడిన పాము మనిషిని శత్రువుగానే చూస్తుంది. కొనేటప్పుడు ఆ పిల్ల ఇప్పటిదాకా ఏం తింది, ఎన్నిసార్లు తింది అని అడిగి రాసుకోవాలి. అల్బినో, ఫ్లేమ్ వంటి రంగుల మీద చూపించే శ్రద్ధ ఈ ప్రశ్న మీద చూపించేవాళ్లు తక్కువ. కళ్లు తేటగా, నోరు పూర్తిగా మూసుకుని, నాలుక చురుగ్గా ఆడిస్తూ, చర్మం మీద పుండ్లు గానీ పురుగులు గానీ లేకుండా ఉండాలి.

ఇల్లు

పిల్లకు సుమారు 38 లీటర్ల అక్వేరియం తొట్టె సరిపోతుంది. గాలి రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ పెట్టె కూడా చాలు. మరీ విశాలమైన చోట వదిలితే చిన్న పిల్ల బెదిరిపోతుంది. దాక్కునే చోట్లు ఎక్కువగా ఉంటే పెద్ద తొట్టె అయినా ఇబ్బంది లేదు. అసలు సంగతి మూత. తల పట్టే సందు ఉంటే ఒళ్లంతా పట్టినట్టే. ఈ పిల్ల తల చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. కరెంటు వైరు దూర్చిన చోట మిగిలిన కంత, జల్లెడ మూత ఒక మూల లేచిన సందు, దానికి అంతే చాలు. మొదటి వారంలో పోయిన గార్టర్ పిల్లల్లో చాలావి రోగంతో పోయినవి కావు, సందులోంచి పారిపోయినవి. గొళ్లెం పడే మూత లేకుండా పిల్లను ఇంటికి తేవడం వృథా.

అడుగున మొదట్లో పేపర్ టవల్ పరిస్తే చాలు. అందంగా ఉండదు గానీ, పాము ఏం విసర్జించింది, కక్కిందా, రక్తం పడిందా అన్నీ దాని మీద కనబడతాయి. గార్టర్ తిన్నది త్వరగా అరిగించుకుంటుంది, తరచూ విసర్జిస్తుంది, చేప తిన్న రోజు కంపు కొడుతుంది. రోజు మార్చి రోజు శుభ్రం చేయలేనివాళ్లకు ఈ పాము నప్పదు. కొంచెం ఎదిగాక ఆస్పెన్ చెక్కపొట్టు వాడవచ్చు. దేవదారు పొట్టు మాత్రం వద్దు. మనిషికి సువాసనగా తోచే దాని నూనెలు పాము ఊపిరితిత్తులకు హాని చేస్తాయి.

నీళ్లంటే ఇష్టపడే పాము కదా అని తొట్టెనంతా తడిగా ఉంచడం మరో పొరపాటు. ఎప్పుడూ చెమ్మలో ఉంటే పొట్ట పొలుసుల కింద నీటి బొబ్బలు లేస్తాయి, అవి పుండ్లవుతాయి. నేల పొడిగా ఉండాలి. పిల్ల చుట్ట చుట్టుకుని మునిగేంత నీళ్ల గిన్నె ఒకటి, తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు పెట్టిన మూత డబ్బా ఒకటి ఉంటే, ఎప్పుడు ఎక్కడ ఉండాలో అదే తేల్చుకుంటుంది. గిన్నెలో నీళ్లు రోజూ మార్చాలి.

వెచ్చదనం కూడా అలాగే దాని ఇష్టానికి వదలాలి. తొట్టెలో ఒక కొస 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్, రెండో కొస 21 నుంచి 24 డిగ్రీలు ఉండాలి. రాత్రిళ్లు 18, 20 దాకా తగ్గినా నష్టం లేదు. తొట్టె అడుగున మూడో వంతు మేర హీట్ మ్యాట్ పెట్టి, దానికి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తగిలిస్తారు. థర్మోస్టాట్ లేని మ్యాట్ పాము పొట్టను కాల్చేస్తుంది. అడుగున వేడి ముదురుతున్నా అది లేచి పక్కకు పోతుందని నమ్మడానికి వీల్లేదు. రెండు కొసల్లోనూ దాక్కునే చోటు ఉండాలి. ఒక్క కొసలోనే ఉంటే పిల్ల వెచ్చదనానికీ భద్రతకూ మధ్య ఒకదాన్ని వదులుకుంటుంది, సాధారణంగా వెచ్చదనాన్నే. ఆ తర్వాత తిన్నది అరగదు. కిటికీ ఎండలో గాజు తొట్టె పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. అరగంటలో లోపలిది చచ్చిపోయేంత కాగిపోతుంది. పగటి పాము కాబట్టి ఇప్పుడు చాలామంది తక్కువ మోతాదు యూవీబీ దీపం కూడా అమరుస్తున్నారు.

తిండి

ఎర ఏదో గార్టర్ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోర్డన్ బర్గార్ట్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని ప్రయోగాలతో నిరూపించి 1967లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించాడు. పుట్టాక ఇంకా ఏమీ తినని పాముపిల్లల ముందు రకరకాల జీవుల వాసన పట్టించిన దూది పుల్లలు పెట్టి, అవి నాలుక ఎన్నిసార్లు ఆడిస్తున్నాయో, దేని మీదికి ఎగబడుతున్నాయో లెక్కపెట్టాడు. ప్రతి జాతి పిల్లలూ తమ జాతి సహజంగా తినే ఎర వాసనకే ఎక్కువ స్పందించాయి. నాలుక గాలిలోంచి, నేల మీంచి తెచ్చిన రసాయనాలను అంగిట్లోని జాకబ్సన్ అవయవం పసిగడుతుంది. కాలిఫోర్నియాలో స్టీవన్ ఆర్నాల్డ్ అనే మరో శాస్త్రవేత్త ఇంకా ముందుకెళ్లాడు. ఒకే జాతి గార్టర్లలో తీరప్రాంతపు పిల్లలు కవచం లేని నత్తల్ని (స్లగ్‌లను) ఆబగా తింటే, ఆ నత్తలు లేని లోతట్టు ప్రాంతపు పిల్లలు వాటిని ముట్టలేదు. ఆ తేడా పుట్టుకతో వచ్చిందేనని 1981లో తేల్చాడు.

ఇంట్లో పెంచేవాళ్లకు దీనివల్ల ఒక లాభం ఉంది. తెచ్చిన పిల్ల వానపామును వాసన చూసి తల తిప్పేసుకుంటే అది జబ్బు కాకపోవచ్చు, జాతి కావచ్చు. ఉదాహరణకు గార్టర్లకు సొంత బంధువులైన రిబ్బన్ పాములు చేపల్నీ కప్పల్నీ తింటాయి, వానపాముల జోలికి పోవు. సాధారణ గార్టర్, మైదానపు గార్టర్, గళ్ల గార్టర్ పిల్లలు మాత్రం వానపామును కళ్లకద్దుకుంటాయి.

మొదటి నెలల్లో రెండు మూడు రోజులకొకసారి తిండి పెట్టాలి. పిల్ల ఒంట్లో అన్నిటికంటే లావైన చోటి మందాన్ని మించకుండా ఎర ఉండాలి. అమెరికాలో చేపల గాలం సామాను అమ్మే దుకాణాల్లో దొరికే నైట్‌క్రాలర్ వానపామును కడిగి, చిన్న ముక్కలుగా తరిగి, మూత లాంటి పళ్లెంలో పెడతారు. అదే దుకాణంలో, ఒక్కోసారి అదే అరలో, రెడ్ విగ్లర్లు కూడా ఉంటాయి. ఇవి ఐసీనియా ఫెటిడా జాతివి. ఆంధ్ర, తెలంగాణల్లో వర్మీకంపోస్టు తొట్లలో పెంచే ఎర్రల్లో ఇవి కూడా ఉంటాయి. ఎరువుకు ఇంత మంచి జీవి లేదు. పాముకు మాత్రం పనికిరాదు. నొక్కితే పసుపుపచ్చటి చెడువాసన ద్రవం వదులుతుంది. అందులోని లైసెనిన్ అనే ప్రోటీన్ వెన్నెముక జీవుల కణాలను దెబ్బతీస్తుంది. తిన్న పిల్ల కక్కేస్తుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది. పురుగుమందు చల్లిన పచ్చికలోంచి తవ్విన వానపాములదీ ఇదే కథ.

చేపల విషయంలో ప్రమాదం ఇంకా నెమ్మదిగా వస్తుంది, అందుకే ఎక్కువ మోసం చేస్తుంది. దుకాణంలో చవగ్గా దొరికే గోల్డ్‌ఫిష్, రోజీ రెడ్ మిన్నో చేపల్లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది బి1 విటమిన్‌ను విరగ్గొట్టేస్తుంది. పిల్ల వాటిని ఇష్టంగా తింటుంది, ఒళ్లు కూడా చేస్తుంది. వారాలు గడిచాక తల వణకడం, తలకిందులైతే సరిచేసుకోలేకపోవడం, మెలికలు తిరిగిపోవడం మొదలవుతాయి. అప్పటిదాకా పైకి ఏ లోటూ కనబడదు. ఆ దశలో పశువైద్యుడు బి1 ఇంజెక్షన్ ఇస్తే చాలా పిల్లలు కోలుకుంటాయి, ఆలస్యమైతే కోలుకోవు. చేపను ఫ్రీజర్‌లో పెడితే అందులోని పరాన్నజీవులు చాలావరకు చస్తాయి గానీ థయామినేజ్ పోదు. దాన్ని పోగొట్టేది వేడి. అంతకంటే ఆ ఎంజైము లేని చేపల్నే ఎంచుకోవడం తేలిక. గప్పీ, ప్లాటీ లాంటి చిన్న చేపల్ని అలాగే వేయవచ్చు. సాల్మన్, ట్రౌట్, తిలాపియాలను ముక్కలు కోసి పెట్టవచ్చు. కోసిన చేపముక్కలో ఎముక ఉండదు కాబట్టి కాల్షియం కూడా పెద్దగా ఉండదన్నది గుర్తుంటే, అప్పుడప్పుడూ చిన్న చేపను ముల్లుతో సహా వేయాలని దానంతటదే తోస్తుంది. వానపాముల్లోనూ కాల్షియం తక్కువే.

అందుకే కొన్ని నెలలయ్యాక చాలామంది పెంపకందారులు పిల్లను ఎలుకపిల్లలకు మళ్లిస్తారు. పింకీలని పిలిచే, ఇంకా వెంట్రుకలు రాని ఎలుక కూనలు గడ్డకట్టించినవి దొరుకుతాయి. గోరువెచ్చని నీళ్లలో కరిగించి, మొదట చిన్న ముక్కగా కోసి, వానపాముతోనో చేపతోనో రుద్ది పెడితే, వాసన నమ్మి మింగేస్తుంది. విడతకు కొంచెం చొప్పున ఆ వాసన తగ్గిస్తూ పోతే మూడు నాలుగు వారాల్లో అసలు ఎలుకనే గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఎముకలతో సహా ఒక జీవి మొత్తం కాబట్టి దీనిలో లోటు దాదాపు ఉండదు. అయితే గార్టర్‌ది ఎలుకలు మాత్రమే తినే ఒళ్లు కాదు. కొవ్వు పట్టేస్తుంది. వానపాము, చేప, ఎలుక కలిపి తిప్పుతూ పెట్టడమే నయం.

బయటి కప్పల్ని మాత్రం పెట్టకూడదు. పరాన్నజీవుల సంగతి అలా ఉంచితే, ఉభయచరాల్లో కొన్ని నిజంగానే విషపూరితం. అమెరికా పశ్చిమ తీరంలోని గరుకు చర్మపు న్యూట్ (తోక ఉండే ఉభయచరం) ఒంట్లో పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషమే ఉంటుంది. ఆ న్యూట్లను తిని బతికి బయటపడే సాధారణ గార్టర్లు అక్కడే కొన్ని చోట్ల ఉన్నాయి. నరాల్లోని సోడియం ద్వారాల జన్యువు మారడం వల్ల వాటికి ఆ తట్టుకునే శక్తి వచ్చింది. శాస్త్రవేత్తలైన ఎడ్మండ్ బ్రోడీలు, తండ్రీకొడుకులిద్దరూ, దశాబ్దాల తరబడి పరిశోధించిన, న్యూట్‌కూ పాముకూ మధ్య జరిగే ఈ పోటీ పరిణామశాస్త్ర పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. దుకాణంలో కొన్న పిల్లకు ఆ శక్తి ఉంటుందని ఆశించడానికి లేదు.

నాగుల చవితికి పుట్టలో పోసే పాలు పాముకు ఆహారం కావన్నది తెలిసిందే. గార్టర్‌కూ అంతే, నీళ్లే దాహం తీరుస్తాయి.

తిన్నాక రెండు రోజులు దాన్ని చేతిలో పట్టుకుని ఆడించకూడదు, ఆడిస్తే కక్కేయవచ్చు. కక్కితే వెంటనే మళ్లీ పెట్టకుండా వారం పది రోజులు కడుపుకు విశ్రాంతినిచ్చి, ఆ తర్వాత మామూలు కంటే చిన్న ముక్కతో మొదలుపెట్టాలి. గ్రాముల త్రాసు ఒకటి కొని వారానికొకసారి బరువు రాసుకుంటే, కంటికి కనబడని తేడా కాగితం మీద కనబడుతుంది.

కుబుసం

పెరిగే పిల్ల నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి కుబుసం విడుస్తుంది. ముందు రంగు మందగిస్తుంది, కళ్లు పాలనీలంగా మసకబారతాయి. ఆ రోజుల్లో సరిగా కనబడక చిరాకుగా ఉంటుంది, తిండి ముట్టకపోవచ్చు. ఆ సమయంలో తినకపోయినా కంగారు పడనక్కర్లేదు. కళ్లు మళ్లీ తేటపడ్డాక కొద్ది రోజుల్లో ముట్టె నుంచి మొదలై కుబుసం తిరగేసినట్టు ఒక్క ముక్కగా ఊడాలి. తునకలుగా వస్తే చెమ్మ చాలలేదని అర్థం. తోక కొసన మిగిలిన పొర ఎండి బిగుసుకుంటే రక్తం అందక ఆ కొస పోతుంది. తడి గుడ్డ సంచిలో పిల్లను కాసేపు ఉంచితే అది మెత్తబడి ఊడుతుంది. కంటి మీద మిగిలిన పొరను పట్టకారుతో లాగకూడదు. పాముకు రెప్పలుండవు. ఆ పొర కిందిది కూడా పొలుసే, దాన్ని పీకితే కన్నే పోతుంది.

చేతిలోకి తీసుకోవడం

పెంపకంలో పుట్టిన పిల్లయినా మొదట్లో చేతిలోకి తీసుకుంటే గింజుకుంటుంది, తోక దగ్గరి గ్రంథుల్లోంచి చెడువాసన ద్రవం చిమ్ముతుంది. కరవడం తక్కువ. కరిచినా గీరినంతే. లాలాజలంలోని తేలికపాటి విషపదార్థానికి కొందరిలో కాస్త వాపు, దురద వస్తాయి. ఇంటికి తెచ్చిన మొదటి వారం, పది రోజులూ ముట్టకుండా ఉండి, రెండు మూడు సార్లు తిన్నాకే ఎత్తడం మొదలుపెట్టాలి. పై నుంచి గద్దలా చెయ్యి దించకుండా పక్క నుంచి పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తాలి. తోక పట్టుకుని లాగితే గిరగిరా తిరిగి తోక తెంపుకుని పారిపోతుంది. బల్లికిలా అది మళ్లీ మొలవదు. చేపో వానపామో పట్టుకున్న చేతిని కడగకుండా లోపల పెడితే, చెయ్యి ఎరే అనుకుంటుంది, దాని తప్పు లేదు.

చేతులు తర్వాత కూడా కడగాలి, ఈసారి మనిషి కోసం. ఆరోగ్యంగా ఉన్న పాము పేగుల్లోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో సరీసృపాలు వద్దన్నది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా. 65 దాటిన వృద్ధులకూ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకూ అదే మాట. తొట్టె గిన్నెలను వంటింటి సింకులో కడగకపోవడం మంచిది.

తోడు

పాములు ఒంటరి జీవులన్న మాట గార్టర్లకు అంతగా వర్తించదు. కెనడాలోని విల్‌ఫ్రిడ్ లారియర్ విశ్వవిద్యాలయంలో మోర్గన్ స్కిన్నర్, నోమ్ మిల్లర్ 40 తూర్పు గార్టర్ పిల్లల్ని పదేసి చొప్పున ఒక ఆవరణలో వదిలి, నాలుగు దాక్కునే గూళ్లు పెట్టారు. రోజుకు రెండుసార్లు వాటిని తీసి చెల్లాచెదురుగా పెట్టినా, పిల్లలు మళ్లీ మళ్లీ అవే నేస్తాల దగ్గరికి చేరాయి. 2020లో వెలువడిన ఈ ఫలితం, గార్టర్లను జంటగానో గుంపుగానో ఉంచే పెంపకందారుల అనుభవానికి సరిపోయింది. కాబట్టి రెండు పిల్లల్ని కలిపి పెంచడంలో తప్పు లేదు. అయితే తిండి వేళ మాత్రం నేస్తం లేదు, గీస్తం లేదు. ఒకే వానపామును రెండు పిల్లలు చెరో కొసా పట్టుకుని మింగుతూ వస్తే, మధ్యలో ఆగాలని ఏదీ అనుకోదు. పెద్దది చిన్నదాన్ని తలతో సహా మింగేస్తుంది. తిండి పెట్టే ప్రతిసారీ వేర్వేరు డబ్బాల్లోకి మార్చాలి. వెనక్కి వేసే ముందు మూతికంటిన చేప వాసన కడగాలి. పరిమాణంలో బాగా తేడా ఉన్నవాటిని అసలు కలపకూడదు.

చలికాలం, ఆ తర్వాత

కెనడాలోని మనిటోబా రాష్ట్రంలో నార్సిస్ దగ్గర సున్నపురాతి గుంతల్లో ఎర్ర పక్కల గార్టర్లు వేల సంఖ్యలో చలికాలమంతా నేల కింద గడుపుతాయి. ఏప్రిల్ ఆఖరులో, మే నెలలో అవి ఒక్కసారిగా పైకి రావడం చూడ్డానికి జనం ప్రయాణం కట్టుకుని వెళతారు. ఆ గుంపుల్లో మొదటి ఏటి పిల్లలు మాత్రం కనబడవు. ఇంట్లోని పిల్లకూ మొదటి చలికాలం నిద్ర అవసరం లేదు. వెచ్చదనం, తిండి అందుతున్నంత కాలం అది ఏడాది పొడవునా తిని పెరుగుతుంది. శీతనిద్రకు అలవాటు చేయడం పిల్లల్ని పుట్టించాలనుకునే పెంపకందారుల పని, అదీ ఎదిగిన పాములకు.

ఏడాది తిరిగేసరికి 38 లీటర్ల తొట్టె ఇరుకవుతుంది. ఎదిగినదానికి కనీసం 75 లీటర్లది, నేల వైశాల్యం ఎక్కువగా ఉన్న పొడుగాటి రకం కావాలి. ఆడది మగదానికంటే బాగా పెద్దదవుతుంది. తోక పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటే మగ. తిండి ఇప్పుడు అయిదు నుంచి ఏడు రోజులకొకసారి చాలు. అడవిలో చాలా గార్టర్లు కొద్ది ఏళ్లకే గద్దలకో, రకూన్లకో, కారు చక్రాలకో బలైపోతాయి. ఇంట్లో మంచి తిండితో పదేళ్లు దాటి బతికినవి ఉన్నాయి.

మగది ఏడాదిన్నర, రెండేళ్లకు, ఆడది రెండు మూడేళ్లకు ఈడుకొస్తాయి. అప్పటికీ రెండూ ఒకే తొట్టెలో ఉంటే పిల్లలు పుట్టడం ఖాయం. ఆడది మగదాని వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు కాబట్టి తర్వాత విడదీసినా కాన్పు తప్పకపోవచ్చు. అప్పుడు ముప్పై పిల్లలు, రెండు మూడు రోజులకొకసారి ముప్పై డబ్బాల్లో వానపాము ముక్కలు. వాటిని పెరట్లో వదిలేద్దామనిపించినా వదలకూడదు. తొట్టెలో అంటిన శిలీంధ్ర వ్యాధులు వాటితోపాటు అడవి పాములకు చేరతాయి. వేరే ప్రాంతపు జాతి అయితే మొదటి చలికే చస్తాయి. ఇవ్వడానికి తెలిసిన పెంపకందారుడో, సరీసృపాల పెంపకందారుల సంఘమో ముందే దొరికితేనే ఆడ, మగ కలిపి ఉంచాలి. దొరక్కపోతే తోకలు చూసి, ఏడాది నిండకముందే వేర్వేరు తొట్టెల్లో పెట్టాలి.